ట్యాంకు నీడ

దీపావళి పోయి నాలుగు రోజులు.
పొద్దున్నే బకెట్ల చెయ్యి పెడితే
నీళ్ళు ఒక్క క్షణం వద్దన్నయి.
నాకు ఆ కబురు చాలు.
ఖుర్పీ, కత్తెర, పాత చున్నీ పట్టుకొని
డాబా ఎక్కిన.

వారాసిగూడల చలికాలం
అడ్వాన్సు ఇయ్యని కిరాయిదారు.
ఎప్పుడొచ్చిందో తెల్వది,
శివరాత్రికి సామాను సర్దుకుంటది.
ఉన్న మూడు నెలల్లనే
పాలకూర తినాలె, టమాట పండాలె,
కాలీఫ్లవరు ఒక్కటన్న
నా పిడికిలంత కావాలె.

ముందు మట్టి.
వానలకు గట్టిపడి
బకెట్ ఆకారంలనే ఊడొచ్చింది.
పాత ఫ్లెక్సీ పరిచి ఆరబోసిన.
పుట్టినరోజు చేసుకుంటున్న గల్లీ లీడరు నవ్వు మీద
వానపాములు నిమ్మళంగ నడుస్తున్నయి.
ఒక్కొక్కదాన్ని ఏరి తడిగోనె కింద దాచిన.
వేపపిండి రెండు దోసిళ్ళు.
మూలమీది ఇరానీ హోటల్ల
యూనుస్ నా కోసం ఆపిపెట్టిన
చాయ్‌పత్తి ఒక సంచి.
రాంనగర్ చేపల మార్కెట్‌కెళ్ళి తెచ్చిన
థర్మాకోల్ డబ్బాలు మూడుసార్లు కడిగిన,
పిల్లి మాత్రం నమ్ముతలేదు.

మొన్నటి ప్రమిదల్ల నాలుగు పగిలినయి.
ఆ పెంకులే కుండీల అడుగు బొక్కల మీద బోర్లించిన.
వత్తి కాలిన మసి ఇంక పోలేదు.
నీళ్ళు పోవాలె, మట్టి ఆగాలె,
పెంకుకు చెప్పే పని లేదు.

ఇగ ఎండ సంగతి.
దక్షిణం గోడ అవతల ఇందూబాయి వాళ్ళు
మృగశిరల కొత్త ట్యాంకు పెట్టిచ్చిన్రు.
అప్పుడు దాని నీడ
వాళ్ళ డాబా మీదనే ముడుచుకొని పడుకునేది.
కార్తీకంల అది మా మీదికొస్తదని
నేనప్పుడే అన్న.
ఎండకు నీ దగ్గర పట్టా ఉన్నదా అన్నదామె.
లేకుండె.
మాటలు బందై ఐదు నెలలు.

నిన్నంత కూర్చొని
తొమ్మిదింటికి ఒక గీత, పన్నెండుకు ఒకటి, మూడింటికి ఒకటి
సుద్దముక్కతోని నీడ చుట్టూ గీసి పెట్టుకున్న.
పదకొండు అడుగులు.
గీత లోపల పాలకూర, పుదీన.
గీత బయట టమాట, వంగ, రెండు చామంతులు.
దూరంకెళ్ళి చూస్తే
ఎవరో పిల్లలు సగంల ఇడిచిపెట్టి పోయిన
తొక్కుడుబిళ్ళ ఆట.

మిగిలింది బీరతీగ.
ఆషాఢంల పెట్టింది, బూడిద తెగులొచ్చి
ఆకులు చెల్లని నోట్ల లెక్కయినయి.
మొదలు కోసి గుంజిన. రాలె.
ఇంకింత గుంజిన.
అటుకెళ్ళి ఎవరో గుంజిన్రు.

ఆగిన. తీగ ఆగింది.
మళ్ళ గుంజితే మళ్ళ గుంజుడు.
“అరె, నక్కో ఖీంచో!”
గోడ అవతల ఇందూబాయి గొంతు.
“ట్యాంకు పైపుకు చుట్టుకున్నది, పైపు ఇరుగుతది!”

స్టూలేసుకొని చూసిన.
నా తీగ గోడ దూకి, ఆమె నిచ్చెన ఎక్కి,
నీలం ట్యాంకుకు మూడు చుట్లు తిరిగి
పైన, నిండా ఎండల,
రెండు ముదురు కాయలు పెట్టుకొని కూసున్నది.
లేతవి కోసుకున్నట్టున్నరు,
తొడిమలు చెప్తున్నయి.
అడగలె.

ఆమె కొడవలి, నా కత్తెర,
చెరో కొసన చిక్కులు తీసుకుంట గంటసేపు.
ఇటు వదులు. అటు పట్టు. జెర ఆగు.
అంతకుమించి మాట్లాడింది లేదు.

ఎండిన కాయ ఊపితే గలగలమన్నది.
మూతి విరిచి బోర్లిస్తే
నల్లటి గింజలు గోడ మీద పడినయి.
లెక్కపెట్టకుండ, అరచేతి అంచుతోని
రెండు కుప్పలు చేసింది.
పీచు నాకే ఇచ్చింది, గిన్నెలకు.

సీతాఫల్‌మండి దిక్కు రైలు కూసింది.
మూడైంది. నీడ వచ్చి
నిన్నటి గీత మీద నిలబడ్డది,
ఒక వెంట్రుకంత దాటింది కూడ.
నానబెట్టిన మెంతులు ఇంక కిందనే ఉన్నయి,
తెల్లటి ముక్కులు బయటపెట్టి.
పోయి తేవాలె.